భయపెట్టేవాడి ధర్మం

డబ్బిచ్చి భయాన్ని కొనుక్కోవడం తప్పా అని అడిగితే జవాబు తేలికే. ఎవరి డబ్బు వాళ్ళది, ఎవరి సరదా వాళ్ళది. కష్టమైన ప్రశ్న దానికి అవతల ఉంది. జీతం తీసుకుని ఎదుటివాళ్ళని భయపెట్టవచ్చా? తన వంతు కోసం వరసలో నిలబడ్డ మనిషి మీదికి చీకట్లోంచి దూకి, ఆ మనిషి గుండె ఒక్క క్షణం జారిపోయేలా చెయ్యడం ధర్మంగా బతకదలచినవాడు చేసుకోదగ్గ పనేనా? చేసుకోదగ్గదే అయితే దానికి హద్దెక్కడ?

మా తమ్ముడి కొడుకు చేస్తున్న ఉద్యోగం అదే కాబట్టి ఈ ప్రశ్న నా గుమ్మం దాకా వచ్చింది. హైదరాబాదు శివార్లలో ఒక వినోదాల పార్కు ఉంది. అందులో చీకటి గుహలోకి వెళ్ళే రైడు కోసం జనం వరస కట్టే దారిలో వాడు దయ్యం. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని, "నేను చేస్తున్నది పాపమా అత్తా?" అని అడిగాడు. నేను అడ్డతీగలలో గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అడిగిన పిల్లవాడికి నోటికొచ్చిన మాట చెప్పి పంపెయ్యడం నాకు చేతకాదు. వాడికి అప్పుడు చెప్పిందీ, వాడు వెళ్ళాక ఆలోచించి తేల్చుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మా వైపు భయాన్ని ఎవరూ కొనుక్కోనక్కర్లేదు. వానాకాలంలో వాగు పొంగినప్పుడు, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకొచ్చినవాళ్ళు ఒడ్డున ఆగి నీటి వంక చూసే చూపు నాకు తెలుసు. 2022 వేసవిలో కొండ దిగువన ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి తిరిగింది. గేదెల్ని చంపింది. అటవీశాఖవాళ్ళు కెమెరాలు కట్టారు, బోన్లు పెట్టారు, వారాల తరబడి అది చిక్కలేదు. ఏలేశ్వరం వైపు నుంచి పొద్దుగూకాక రావలసినవాళ్ళు ప్రయాణం మర్నాటికి వాయిదా వేసుకునేవారు. పులి కనిపించినవాళ్ళకన్నా కనిపించనివాళ్ళే ఎక్కువ భయపడ్డారు. ఎక్కడుందో తెలియదు, ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక దయచేసి ఆపమంటే ఆపదు. అసలైన భయం ఇలా ఉంటుంది. దానికి టిక్కెట్టు లేదు, బయటికి దారి చూపే బోర్డు లేదు.

అలాంటి చోట పెరిగిన కుర్రాడు ఇంకొకళ్ళని భయపెట్టి జీతం తెచ్చుకుంటున్నాడంటే మొదట నా మనసు ఒప్పుకోలేదు. కానీ పని ఎలా చేస్తాడో అడిగి తెలుసుకున్నాక, అందులో నేననుకున్నదానికన్నా ఎక్కువ విచక్షణ ఉందని తెలిసింది.

మొహానికి తెల్లరంగు, కళ్ళ చుట్టూ నల్లరంగు పూస్తారట. దాని మీద రబ్బరు మాస్కు. ఏసీ ఉన్నా ఆ మాస్కులో చెమట కారి కళ్ళలో పడుతుంది. పొగ మిషను పక్కనే ఉంటుంది కాబట్టి గొంతు ఆరిపోతుంది. నల్లటి తెర వెనక గోడకి ఆనుకుని, వరస కదిలే చప్పుడు వింటూ నిలబడాలి. "ఎదురుగా దూకకూడదత్తా," అన్నాడు. "ఎదురుగా వస్తే ముందున్నవాళ్ళు వెనక్కి తోసుకుంటారు, వెనకాల పిల్లలుంటే కింద పడిపోతారు. పక్కనుంచి గానీ వెనకనుంచి గానీ రావాలి. అప్పుడు వరస ముందుకే నడుస్తుంది." ఒక్కోసారి ఇద్దరు కలిసి చేస్తారట. ఒకడు దూరంగా కనబడేలా నిలబడి అందరి చూపూ తనవైపు లాక్కుంటాడు. రెండోవాడు చెవి దగ్గర చప్పుడు చేస్తాడు. ఎవరినీ ముట్టుకోకూడదు. చంకలో బిడ్డ ఉన్నవాళ్ళనీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ వదిలెయ్యాలి.

వాడు చెప్పినవాటిలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. "అరిచేవాళ్ళతో ఇబ్బంది లేదత్తా. అరిచి, వెంటనే నవ్వేస్తారు, పక్కవాణ్ణి కొడతారు. వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళచ్చు. అరవకుండా బిగుసుకుపోయేవాళ్ళుంటారు చూడు, వాళ్ళ దగ్గర్నుంచి వెంటనే తప్పుకోవాలి. అది సరదా భయం కాదు." ఈ తేడాని కనిపెట్టడం వాడికి ఎవరూ నేర్పలేదు. చీకట్లో మనుషుల మొహాలు చదివీ చదివీ వాడికి అబ్బింది.

ఈ వ్యాపారం మనది కాదు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో దయ్యాల బంగళా రైడు 1969లో మొదలైంది. అదే రాష్ట్రంలో నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే పార్కు 1973లో హాలోవీన్ పండక్కి మనుషులకే దయ్యాల వేషం కట్టి జనం మధ్యకి వదిలింది. అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. మన రామోజీ ఫిల్మ్ సిటీలోనూ బోరాసుర అని ఒక భయాల గృహం ఉంది. వరసలోనే భయపెట్టడం ఎందుకంటే, రైడు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, దానికోసం ఎదురుచూపు గంట పడుతుంది. చేతిలో పనీ కళ్ళముందు వింతా ఉంటే ఎదురుచూపు చిన్నదిగా అనిపిస్తుందని డేవిడ్ మైస్టర్ అనే పండితుడు 1985లో వరసల మనస్తత్వం మీద రాసిన వ్యాసంలో చెప్పాడు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నవాళ్ళకి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. గంటల తరబడి నిరీక్షణ, క్షణకాలం దర్శనం. మధ్యలో పాలు ఇస్తారు, ప్రసాదం పెడతారు, ఎవరో ఒకరు గోవిందా అంటే కంపార్టుమెంటంతా అందుకుంటుంది. వరసలో ఉన్న మనిషి మనసు ఖాళీగా, మెత్తగా ఉంటుంది. అందులో ఏది పోస్తే అది నిండుతుంది. తిరుమలలో నామం పోస్తారు, పార్కులో భయం పోస్తారు. అందుకే వరసలో ఉన్నవాళ్ళతో వ్యవహరించేవాళ్ళ బాధ్యత ఎక్కువని నా నమ్మకం. వాళ్ళు ముందుకీ పోలేరు, వెనక్కీ రాలేరు.

భయంలో రుచి ఉందని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. దాని రంగు నలుపు, అధిదేవత కాలుడు. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు రసం ఎలా పుడుతుందో వివరించడానికి శాకుంతలం మొదటి అంకంలోని లేడినే ఉదాహరణగా ఎంచుకున్నాడు. దుష్యంతుడి రథం తరుముకొస్తుంటే మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ పారిపోయే లేడి అది. దాన్ని చూస్తున్న ప్రేక్షకుడికి 'నేను భయపడుతున్నాను' అనిపించదు, 'ఆ లేడి భయపడుతోంది, నాకేం' అనీ అనిపించదు. ఆ భయం ఫలానావాళ్ళదని లేకుండా, ఒక ఊరికీ ఒక కాలానికీ కట్టుబడకుండా, భయంగా మాత్రమే నిలుస్తుంది. అందుకే దాన్ని ఆస్వాదించగలుగుతాడు.

ఈ సిద్ధాంతం నాటకశాలలో కూర్చున్నవాడికి అతికినట్టు సరిపోతుంది. వరసలో నిలబడ్డవాడికి సరిపోదు. రంగస్థలానికీ వాడికీ మధ్య దూరం లేదు. దయ్యం లేడిని తరమడం లేదు, వాణ్ణే తరుముతోంది. ఆ క్షణంలో భయం అక్షరాలా వాడిదే. తర్వాతి క్షణంలో, 'ఇది ఆటే కదా' అని తెలిశాక, వాడు ప్రేక్షకుడవుతాడు. ముందు లేడి, తర్వాత సహృదయుడు. ఈ రెండింటి మధ్య వంతెన వెయ్యవలసినవాడు వేషగాడు. వంతెన వెయ్యకుండా వెళ్ళిపోతే ఆ మనిషి లేడిగానే మిగిలిపోతాడు. మా మేనల్లుడి వృత్తి మొత్తం ఆ వంతెన మీదే ఆధారపడి ఉందని నాకు అర్థమైంది.

చంటిబిడ్డతో తల్లి ఆడే మొదటి ఆట చూడండి. కొంగుతో మొహం కప్పుకుంటుంది. బిడ్డ కళ్ళు పెద్దవవుతాయి, పెదవి వంకరపోతుంది. 'బూచి!' అని కొంగు తీస్తుంది. బిడ్డ కిలకిలా నవ్వుతుంది. కొంగు తియ్యకుండా తల్లి లేచి వెళ్ళిపోతే, ఆ బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది. నవ్వు పుట్టేది మొహం తిరిగి కనబడ్డప్పుడే. భయం అనే ఆట మొత్తం తిరిగి కనబడే మొహం మీద నిలబడి ఉంది.

వేదిక దిగి జనంలోకి వచ్చే భయంకర వేషాలు మనకి కొత్త కాదు. ఆషాఢంలో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలకి బోనం నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరతారు. ఒళ్ళంతా పసుపు, నడుముకి వేపమండలు, కాళ్ళకి గజ్జెలు, చేతిలో కొరడాతో పోతరాజు ఆ జనంలోకి ఉరుకుతాడు. పిల్లలు జడుసుకుని తల్లుల వెనక దాక్కుంటారు. కానీ పోతరాజు ఎవరో ఆ తల్లులకి తెలుసు. అమ్మవారికి తమ్ముడు, ఆవిడకి కాపలా. అతని కొరడా తగలడం మంచిదని నమ్మేవాళ్ళూ ఉన్నారు. మా మన్యంలో కోయవాళ్ళ కొమ్ము నృత్యం చూసినవాళ్ళకి తెలుస్తుంది, డోళ్ళు మోగుతుండగా అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని, తల వంచి ఒకరి మీదికి ఒకరు దూసుకొచ్చేటప్పుడు చూసేవాళ్ళ కాళ్ళు వాటంతటవే వెనక్కి పడతాయి. మా స్కూలు పిల్లలు మాత్రం కదిలేవాళ్ళు కాదు. ఆ కొమ్ముల కింద ఉన్నది మేనమామో చిన్నాన్నో వాళ్ళకి తెలుసు.

తమిళనాట తంజావూరు దగ్గర మెలట్టూరు అని ఒక ఊరుంది. నాయకరాజుల కాలంలో అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్ళు ఇప్పటికీ ఏటా నృసింహ జయంతికి భాగవతమేళా ఆడతారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రం అందులో ముఖ్యం. నరసింహుడి ముసుగుకి ఏడాది పొడుగునా పూజ జరుగుతుంది. అది తొడుక్కునే ఆయన ఆ రోజు ఉపవాసం ఉంటాడు. ముసుగు తొడిగాక ఆయనకి పూనకం వస్తుంది, హిరణ్యకశిపుడి వేషగాడి మీదికి పోకుండా నలుగురు పట్టుకుని ఆపుతారు. ఇందులో నాకు గొప్పగా తోచేది ఈ ఆపేవాళ్ళే. భయంకరమైన రూపాన్ని మోసేవాడు తనని తాను నమ్ముకోవడం లేదు. ఉపవాసంతో ఒళ్ళు అదుపులో పెట్టుకుంటున్నాడు, పక్కన నలుగురి చేతులు పెట్టుకుంటున్నాడు. భయాన్ని ధరించేవాడు ముందు తాను దానికి భయపడాలి అనే ఎరుక ఆ ఏర్పాటులో ఉంది.

ఇక మా వాడు నన్ను ప్రశ్న అడగడానికి అసలు కారణమైన సంగతి. పోయిన వేసవి సెలవుల్లో మనవడితో, మనవరాలితో ఒక పెద్దావిడ ఆ వరసలో నిలబడింది. పల్లెటూరి మనిషి. గుహ గుమ్మం దగ్గర పెట్టిన రాక్షసుడి బొమ్మని చూసి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. మలుపులో చీకటిగా ఉండడం వల్ల మా వాడికి ఆవిడ సరిగ్గా కనబడలేదు, పిల్లల నవ్వులు విని దూకాడు. ఆవిడ అరవలేదు. పిల్లలిద్దర్నీ ఒక్క లాగులో తన వెనక్కి లాక్కుని, చెప్పులు చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ జోడించింది. "ఎవరివైనా సరే తల్లీ, పసిపిల్లల జోలికి రాకు. ఏం కావాలో నన్నడుగు," అంది.

జనం ముందు మాస్కు తియ్యకూడదన్నది అక్కడి నియమం. వాడు మాస్కు తీసేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మమ్మా, నేను మనిషినే. ఇది నా ఉద్యోగం," అన్నాడు. ఆవిడ వాడి చెంప మీది రంగుని వేలితో రాసి, ఆ వేలిని దీపం వైపు పట్టి చూసుకుంది. అప్పుడు కాళ్ళలో సత్తువ పోయి నేలమీద కూలబడింది. వాడు మంచినీళ్ళు తెప్పించి, ఆవిడ లేచేదాకా పక్కనే ఉన్నాడు. నియమం తప్పినందుకు తర్వాత చీవాట్లు తిన్నాడు.

ఆ పెద్దావిడ మోసపోయిందని నేననుకోను. మా వైపు పల్లెల్లో రాత్రి పొలిమేర దాటేటప్పుడు మనుషులు ఎలా మసలుకుంటారో ఆవిడ అలాగే మసలుకుంది. ఆవిడ లోకంలో చీకటికి యజమానులుంటారు, వాళ్ళకి మర్యాద చెయ్యాలి, పిల్లల్ని వెనక్కి నెట్టి తాను ముందు నిలబడాలి. వేషగాడు ఆట ఆడాడు, ఆవిడ ప్రాణం అడ్డుపెట్టింది. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఆవిడ ఈ భయానికి ఒప్పుకున్నట్టు కాదు. రైడు ఎక్కడానికి ఒప్పుకుంది, పిల్లలతో ఉండడానికి ఒప్పుకుంది. ఒప్పుకోని భయం మీదపడితే, పెట్టినవాడు ఎంత సరదాగా పెట్టినా, పడినవాళ్ళకి అది పులే.

ఒప్పుకోవడం అనే మాట దగ్గర నాకు గీత పదకొండో అధ్యాయం గుర్తొస్తుంది. విశ్వరూపం అర్జునుడికి ఊరికే కనబడలేదు. చూపించమని అతనే అడిగాడు, నేను చూడగలనని నీకనిపిస్తేనే అని కూడా అన్నాడు. చూడ్డానికి కావలసిన దివ్యచక్షువుల్ని కృష్ణుడే ఇచ్చాడు. అంత ఏర్పాటు చేసి చూపించినా అర్జునుడు వణికిపోయాడు, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, పాత రూపంలోకి రమ్మని బతిమాలాడు. భగవంతుడు ఇంకాసేపు చూడమనలేదు, ధైర్యం లేదని ఎత్తిపొడవలేదు. వెంటనే సౌమ్యరూపం ధరించి, భయపడ్డవాణ్ణి ఊరడించాడు. సాక్షాత్తూ పరమాత్మ భయపెట్టిన ఘట్టంలోనే అడగడం, తట్టుకునే శక్తి ఇవ్వడం, ఆపమనగానే ఆపడం, ఊరడించడం అనే నాలుగూ ఉన్నాయి. పన్నెండో అధ్యాయంలో, తనవల్ల లోకం బెదరకుండా, లోకంవల్ల తాను బెదరకుండా ఉండేవాడు నాకిష్టుడని చెప్పినవాడూ ఆయనే. పదహారో అధ్యాయంలో దైవసంపదని లెక్కపెడుతూ మొట్టమొదట చెప్పింది అభయాన్ని.

నరసింహుడి కథకి ఇది వర్తించదు, స్తంభంలోంచి చెప్పాపెట్టకుండా వచ్చాడు కదా అనవచ్చు. ఎవరి మీదికి వచ్చాడో చూడాలి. స్తంభంలో ఉన్నాడా అని సవాలు చేసి, దాన్ని కొట్టి మరీ పిలిచినవాడు హిరణ్యకశిపుడు. ఆ ఉగ్రరూపాన్ని చూసి దేవతలందరూ దూరంగా నిలిచిపోయారు, లక్ష్మీదేవి కూడా దగ్గరికి రాలేకపోయింది. దగ్గరికి వెళ్ళింది పసివాడు. నీ కోరలకీ గోళ్ళకీ నాకు భయం లేదు, ఈ సంసారచక్రానికే భయం అన్నాడు. ఆ గోళ్ళున్న చెయ్యే పిల్లవాడి తల నిమిరింది. ఆ చెయ్యి తల నిమరకపోయి ఉంటే నరసింహుడికి మన ఇళ్ళలో పూజ ఉండేది కాదు.

అన్నిటికన్నా నన్ను కదిలించేది నచికేతుడి కథ. అది వరస కథే. తండ్రి కోపంలో అన్న మాటకి కట్టుబడి ఆ పిల్లవాడు యముడి గుమ్మం ముందుకు వెళ్ళి మూడు రాత్రులు తిండి లేకుండా కాచుకున్నాడు. మనిషి ఊహించగలిగిన భయంకర రూపాల్లో యముణ్ణి మించినది లేదు. ఆ యముడు తిరిగొచ్చి, అతిథిని నిలబెట్టినందుకు నొచ్చుకుని, నమస్కారం చేసి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలు ఇచ్చాడు. తన గుమ్మం ముందు ఎదురుచూస్తున్నవాడికి తాను రుణపడి ఉన్నానని మృత్యువే ఒప్పుకుంది. వరసలో నిలబెట్టేవాళ్ళందరికీ, గుడివాళ్ళకీ, ఆసుపత్రివాళ్ళకీ, రేషను డిపోవాళ్ళకీ, పార్కులవాళ్ళకీ, కఠోపనిషత్తు చెప్పే మర్యాద ఇది.

చావు కూడా చెప్పిరాదు కదా, మరి మనుషుల్ని కాస్త ఉలికిపాటుకి అలవాటు చెయ్యడం మంచిదే కదా అని నా స్నేహితురాలొకావిడ వాదించింది. ఆమె మాటలో నిజం ఉంది. ఉలిక్కిపడి, నవ్వుకుని, ఇంకా బతికే ఉన్నామని గుర్తించడం చిన్న విషయం కాదు. గుహలోంచి కుర్రాళ్ళు బయటికొచ్చేటప్పుడు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని వస్తారని మా వాడు చెప్పాడు. కలిసి భయపడ్డవాళ్ళు దగ్గరవుతారు. అయితే ఆ మేలు జరగాలంటే భయం ఉంటుందని ముందే చెప్పి తీరాలి. చెబితే ఉలికిపాటు పోతుందని కొందరంటారు. పోదు. భయం ఉందని చెప్పండి, ఏ మలుపులో ఉందో దాచండి.

ముందే చెప్పి భయపెట్టడం ఎంత బలమైనదో అడ్డతీగలకి తెలుసు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద హఠాత్తుగా దాడి చేసి ఆయుధాలు పట్టుకెళ్ళాడు. అక్టోబరు 15న మా ఊరి స్టేషన్ మీదికి మాత్రం ముందుగా కబురు పంపి మరీ వచ్చాడు. ఆ కబురుని మిరపకాయ టపా అని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయుధాలు అప్పటికే దాచేశారు కాబట్టి దొరకలేదు. అయినా ఆ దాడిని మావాళ్ళు ఓటమిగా లెక్కపెట్టరు. వస్తున్నానని చెప్పి వచ్చినవాడు, ఎదుటివాడు శత్రువే అయినా సిద్ధపడే అవకాశం ఇచ్చాడు. ఆయుధం పట్టిన తిరుగుబాటులోనే అంత మర్యాదకి చోటున్నప్పుడు, వినోదానికి లేకపోవడమేమిటి?

ఇదే నేల మీద దీనికి పూర్తిగా విరుద్ధమైన భయమూ ఉంది. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారని పుకారు లేస్తుంది. జ్వరంతో బిడ్డ పోతే, ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాడి వైపు వేళ్ళు లేస్తాయి. అలాంటి అనుమానం మీద మన్యంలో మనుషుల్ని చంపిన సంఘటనలు ఉన్నాయి. నేను పాఠం చెప్పిన పిల్లల ఇళ్ళలోనే, ముందు భయపెట్టి తర్వాత తాయెత్తు అమ్మేవాళ్ళు వచ్చి మేకనీ గింజల్నీ పట్టుకుపోయారు. హాస్టల్లో దయ్యం తిరుగుతోందని పుకారు పుడితే మా ఆడపిల్లలు రాత్రంతా ఒకే మంచం మీద ముడుచుకుని కూర్చునేవారు. లాంతరు పట్టుకుని వాళ్ళని వెంటబెట్టుకుని, తలుపు వెనకా నీళ్ళ తొట్టి వెనకా చూపించేదాకా నిద్రపోయేవారు కాదు. పార్కు దయ్యానికీ ఆ తాయెత్తులవాళ్ళకీ తేడా ఎక్కడుందంటే, పార్కు దయ్యం సాయంత్రం మొహం కడుక్కుని మనిషై బస్సెక్కుతాడు. చిల్లంగి భయం అమ్మేవాడు ఎప్పటికీ ముసుగు తియ్యడు. తీస్తే వాడి వ్యాపారం పోతుంది. దేవుడి పేరుతో భయపెట్టేవాళ్ళకీ ఇదే పరీక్ష పెట్టండి. నరకం గురించి, శాపం గురించి, గ్రహం గురించి చెప్పి మిమ్మల్ని వణికించినవాడు, ఆ వణుకు తగ్గేదాకా మీ పక్కన కూర్చున్నాడా, రశీదు రాసిచ్చి పంపేశాడా?

రెండోది ఒకటి ఉన్నప్పుడే భయం పుడుతుందని బృహదారణ్యకం చెబుతుంది. మొదట ఒంటరిగా ఉన్న ఆ ఆదిపురుషుడు భయపడ్డాడు. నేను తప్ప వేరొకటి లేదు కదా, ఎవరికి భయపడుతున్నాను అని విచారించగానే భయం పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని "నేను మనిషినే" అని మా వాడు అన్నప్పుడు జరిగింది అదే. ఎదురుగా ఉన్నది వేరే లోకపు జీవి కాదు, తన మనవడి లాంటి కుర్రాడని ఆవిడ వేలికంటిన రంగు చెప్పింది. రెండోది పోయింది, భయం పోయింది. వేదాంతం పెద్ద మాటల్లో చెప్పేదాన్ని వాడు ఆ చీకటి మలుపులో ఆచరించాడు.

అందుకే వాడితో ఉద్యోగం మానెయ్యమని చెప్పలేదు. నువ్వు చేసేది పాపం కాదు నాన్నా, కానీ బరువైన పని అన్నాను. పిలవని చోట భయపెట్టకు. ఆపమంటే ఆ క్షణంలో ఆపు, నోరు పెగలనివాళ్ళ కళ్ళు ఆపమంటున్నాయేమో చూడు. భయపడ్డవాళ్ళకి నీ మొహం చూపించకుండా వెళ్ళకు. నియమం అడ్డొస్తే నియమమే మార్చమని అడుగు. వరస మొదట్లోనే, చదువు రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా బొమ్మతో, తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టమను, పక్కన నోటితో చెప్పే మనిషిని పెట్టమను. వద్దనుకున్నవాళ్ళు తలవంపులు లేకుండా వెళ్ళడానికి ఇంకో దారి ఉంచమను. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, ఆటని చెడగొట్టేవీ కావు. యాజమాన్యం వినకపోతే ఇంకో పార్కు చూసుకోమన్నాను.

మిగిలిన మనందరికీ కూడా నేను చెప్పదలచింది అదే. తల్లిదండ్రులుగా, మాస్టార్లుగా, అధికారులుగా, గురువులుగా మనం రోజూ ఎవరినో ఒకరిని భయపెడుతూనే ఉంటాం, దానికి వేషం కూడా అక్కర్లేదు. భయపెట్టిన చెయ్యే అభయం ఇవ్వాలి. ఇవ్వలేని చేతికి ఎవరినీ భయపెట్టే హక్కు లేదు, అది పార్కు వేషగాడిదైనా సరే, పీఠాధిపతిదైనా సరే.